కొండ చూడని రచయిత

తత్వశాస్త్రం చెప్పే ఉద్యోగంలో చేరబోయేవాళ్లు అప్పుడప్పుడు నా దగ్గరికి వస్తుంటారు. ఏ పుస్తకాలు చదవాలని అడుగుతారు. ముందు గొంతు కాపాడుకోండి అంటాను. వాళ్లు నవ్వుతారు. నేను నవ్వించడానికి చెప్పే మాట కాదు అది. ఈ ఉద్యోగంలో రోజుకు నాలుగు గంటలు గట్టిగా మాట్లాడాలి. ఆలోచించడం మిగిలిన సమయంలో, వీలుంటే.

నా ప్రమోషన్ల గురించి రాయను. రెండే వచ్చాయి, రెండూ ఆలస్యంగా వచ్చాయి. మొదటి కాలేజీ గురించి, అక్కడ నేను చేసిన ఒక తప్పు గురించి రాస్తాను. ఆ తప్పు వల్ల నష్టపోవలసిన మనిషి అబ్దుల్ రజాక్. ఆయన పోయిన చలికాలంలో చనిపోయాడు. ఆయన ఉండగా ఇది రాసి ఉంటే పేరాకొక అభ్యంతరం చెప్పేవాడు. ఇప్పుడు చెప్పేవాళ్లు లేరు కాబట్టి కొంచెం జాగ్రత్తగా రాస్తున్నాను.

పలకల గోదాము

మార్కాపురంలో ఆ రోజుల్లో ఒక ఇంటర్మీడియట్ కాలేజీ ఉండేదంటే ఇప్పటివాళ్లు నమ్మరు. కొన్నేళ్లే నడిచింది. అప్పుడు మాది కర్నూలు జిల్లా, పైన మద్రాసు ప్రెసిడెన్సీ. కాలేజీ పెట్టింది ఒక పలకల వ్యాపారి. ఊరంతా ఆయన్ను శెట్టిగారు అనేది, నేనూ అలాగే అంటాను. గనుల్లో తీసిన రాయిని కోయించి, చెక్క చట్రాలు బిగించి, బడిపిల్లల పలకలుగా నాలుగు దిక్కులకూ పంపేవాడు. చదువు మీద బతుకుతున్నాను కాబట్టి చదువుకు ఏదైనా చేయాలని ఆయనకు అనిపించిందట. పాత గోదాము ఖాళీ చేయించి, మధ్యలో తడికెలు కట్టించి, ఐదు తరగతి గదులు చేశాడు. రాతిపొడి మాత్రం ఎంత ఊడ్చినా పోలేదు. ఒక గంట పాఠం చెప్పి బయటికొస్తే నా కోటూ నా మీసమూ ఒకే రంగులో ఉండేవి.

నేను చెప్పేది తర్కం. పిల్లలు దాన్ని ఎంచుకునేది దాని మీద ఇష్టంతో కాదు. అందులో లెక్కలుండవు, ప్రయోగశాల ఫీజు ఉండదు. చంద్రశేఖరపురం వైపు నుంచి ఒక రైతు తన కొడుకును చేర్చడానికి వచ్చి, ఈ తర్కం చదివితే ఏమొస్తుందని అడిగాడు. వాదించడం వస్తుందన్నాను. ఆయన కొడుకు వైపు ఒకసారి చూశాడు.

"అది వీనికి ఇప్పటికే ఎక్కువైంది సార్. తగ్గించే చదువేమన్నా ఉంటే చెప్పండి" అన్నాడు.

ఆ పిల్లవాడు తర్కమే తీసుకున్నాడు. తరువాత ప్లీడరు అయ్యాడు.

పాఠంలో నేను నేర్చుకున్న మొదటి సంగతి ఉదాహరణల గురించి. మనుషులందరూ మరణిస్తారు, ఫలానా ఆయన మనిషి, కాబట్టి ఫలానా ఆయన మరణిస్తాడు అనేది తర్కంలో అందరూ మొదట చెప్పే పాఠం. పుస్తకంలో ఒక గ్రీకు ఆయన పేరుంటుంది. మా పిల్లలకు ఆ పేరు పలకడమే కష్టం, ఆయన చావు మీద శ్రద్ధ ఎక్కడుంటుంది? నేను ఆ పేరు తీసేసి రామయ్య అని పెట్టాను. పాఠం బాగా పట్టుకుంది. పిల్లలు గొంతెత్తి వల్లించేవారు. వారం తిరక్కముందే మా ఆఫీసు గుమాస్తా నా దగ్గరికొచ్చి నిలబడ్డాడు. ఆయన గది తడికెకు అవతల. ఆయన పేరు రామయ్య అని నాకు తెలుసు గాని, పాఠం చెప్పేటప్పుడు తోచలేదు.

"సార్, నేను చస్తానని నాకూ తెలుసు. అరవైమంది పిల్లోళ్లు రోజూ పదకొండు గంటలకు గుర్తు చేయాల్నా?" అన్నాడు.

మర్నాటి నుంచి గ్రీకు ఆయన్నే చంపాను. దగ్గరి ఉదాహరణ బాగా పనిచేస్తుంది. ఎవరి మీద పనిచేస్తుందో కూడా చూసుకోవాలి. ఈ రెండో సంగతి నేను సరిగా నేర్చుకోలేదని తరువాత తేలింది.

శెట్టిగారి నిబంధన

శెట్టిగారు ఒకసారి మద్రాసు పోయినప్పుడు ఎవరో పెద్దమనిషి ఆయనకు ఒక పత్రిక చూపించాడు. తత్వశాస్త్రం మీద మూడు నెలలకొకసారి ఇంగ్లీషులో వచ్చే పత్రిక. అందులో ఒక వ్యాసం కింద రాసినాయన పేరూ, ఆయన కాలేజీ పేరూ ఉన్నాయి. శెట్టిగారు తిరిగొచ్చి మమ్మల్నందరినీ పిలిచాడు. ఇకనుంచి కొత్తగా చేరినవాళ్లు రెండేళ్లలోపు మద్రాసు పత్రికలో ఒక వ్యాసం వేయించాలన్నాడు. కింద కాలేజీ పేరుండాలి. వేయిస్తే పర్మనెంటు, లేకపోతే ఎండాకాలం సెలవులతో సరి. మా ముద్ర లేకుండా పలక బయటికి పోదు, పంతులైనా అంతే అన్నాడు.

నేను మొదటి ఏడే ఆరు పేజీల వ్యాసం వేయించి గట్టున పడ్డాను. దాన్ని ముగ్గురు చదివారు. అందులో ఒకాయన ప్రెస్సులో అచ్చుతప్పులు దిద్దే మనిషి.

నా తరువాత తర్కం చెప్పడానికి చేరినవాడు రజాక్. గిద్దలూరు మనిషి. వాళ్ల నాయనకు అక్కడ వెదురు అడితి ఉండేది. నల్లమలలో కొట్టిన వెదురు అక్కడికి దిగి రైలెక్కేది. కొడుకు మద్రాసులో ఎమ్మే చదవడం ఆ పెద్దాయనకు గర్వమే గాని, అది అయిపోవలసిన జబ్బులాంటిదని ఆయన నమ్మకం. రెండేళ్లు చూస్తాను, పర్మనెంటు కాకపోతే వచ్చి అడితిలో కూర్చోమన్నాడు. ఊరికే అనడం కాదు, తన పక్కన ఇంకో కుర్చీ కూడా వేయించాడు. రజాక్ సెలవులకు ఇంటికి పోయినప్పుడల్లా ఆ కుర్చీ చూసి వచ్చేవాడు. దాని మీద ఎవరినీ కూర్చోనివ్వడం లేదని చెప్పేవాడు. నవ్వుతూనే చెప్పేవాడు గాని, అప్పటికి ఒక ఏడాదిన్నర అయిపోయింది. చుట్టుపక్కల ఇంకే కాలేజీలోనూ తర్కం చెప్పే ఖాళీ లేదు.

నాకొచ్చిన కవరు

నా వ్యాసం వేసిన తరువాత ఆ మద్రాసు పత్రిక సంపాదకుడు నాకు ఒక పని అప్పగించాడు. ఎవరైనా పంపిన వ్యాసాన్ని ముందుగా చదివి, వేయవచ్చా లేదా అని అభిప్రాయం రాయడం. ఆ పని చేసేవాణ్ణి రెఫరీ అంటారు. రాసినాయన పేరు నాకు తెలియకుండా దాని మీద కాగితం అంటించి పంపేవారు. నా పేరు రాసినాయనకు చెప్పేవారు కాదు. దీనికి జీతం లేదు, గౌరవం కూడా లేదు, ఎందుకంటే ఎవరికీ తెలియదు. అయినా ఆ కవరు వచ్చిన రోజు నేను నిటారుగా నడిచేవాణ్ణి.

ఆ ఏడు సంక్రాంతి సెలవుల తరువాత ఒక వ్యాసం వచ్చింది. కొండ మీద పొగ చూసి అక్కడ నిప్పుందని అనుకోవడం మన దేశపు తర్కంలో పాత ఉదాహరణ. దాని మీదే వ్యాసం. పొగను చూసినవాడు అనుమానించడానికి కారణం లేనంతవరకు నిప్పుందని నమ్మవచ్చు అని రచయిత వాదన. బాగానే రాశాడు. కాని ఆ వయసులో ఎదుటివాడి వ్యాసంలో తప్పు దొరికితే నాకు కడుపునిండా తిన్నట్టుండేది. నాకు తప్పు దొరికింది. చూసింది పొగే అని రచయితకు ఎలా తెలుసు?

నా అభిప్రాయం రెండు పేజీలు రాశాను. ఉదాహరణ కావలసివచ్చి మా మేనమామ సంగతి రాశాను. ఆయనది యర్రగొండపాలెం దగ్గర అడవిని ఆనుకున్న ఊరు. తొలకరి వాన పడిన మర్నాటి పొద్దున కొండ లోయల్లోంచి మంచు లేస్తుంది. అచ్చం పొగలాగే ఉంటుంది. ఒక ఏడు మా మేనమామ దాన్ని చూసి అడవి అంటుకుందని, పచ్చి కొమ్మలు విరుచుకుని, ఇద్దరిని వెంటేసుకుని ఆర్పడానికి ఉరికాడు. గంట తరువాత ముగ్గురూ నిలువునా తడిసి తిరిగొచ్చారు. నేను రాసినప్పుడు పేరు రాయలేదు, 'నల్లమల అంచున ఒక రైతు' అని రాశాను. చివర ఒక వాక్యం చేర్చాను. రచయిత రైలు కిటికీలోంచి తప్ప కొండను చూసినట్టు లేదని.

ఆ వాక్యం అవసరం లేదు. అదే నాకు అన్నిటికన్నా నచ్చింది. పేరు లేకుండా రాసే మనిషి అబద్ధం చెప్పకపోవచ్చు, మర్యాద మాత్రం మరిచిపోతాడు. ఈ ఉద్యోగంలో చేరేవాళ్లకు నేను చెప్పగల నికరమైన మాట ఇదొక్కటే.

ఆదివారాలు

మూడు వారాల తరువాత ఒక ఆదివారం పొద్దున రజాక్ మా ఇంటికొచ్చాడు. చేతిలో కవరు. తను రహస్యంగా ఒక వ్యాసం రాసి, కర్నూలులో టైపు చేయించి, మద్రాసుకు పంపానని, అది తిరిగొచ్చిందని చెప్పాడు. కాగితాలు తీసి నా ముందే చదవడం మొదలుపెట్టాడు. మొదటి వాక్యంతోనే నాకు తెలిసిపోయింది. మొత్తం చదివాడు. చివరి వాక్యం రెండుసార్లు చదివాడు.

"నేను కొండ చూడలేదంట అన్నా. గిద్దలూరోణ్ణి. తెల్లారి లేస్తే నా మొగం కంటే ముందు కొండ మొగం చూసేటోణ్ణి."

వాడెవడో తెలియక రాసినాడులే అన్నాను. అది నిజమే.

"తెలియనోడు తెలియనట్టు ఉండాల గదా. ఎవడన్నా వీడు?"

నాకెట్ల తెలుస్తుంది అన్నాను. అది అబద్ధం. రెఫరీ తన పేరు బయట పెట్టకూడదనే నియమం ఉంది. ఆ నియమం వెనక దాక్కున్నాను. నియమమూ నిజమే, నా పిరికితనమూ నిజమే.

సంపాదకుడు ఒక దయ చూపించాడు. అభ్యంతరానికి జవాబు రాసి నెలన్నరలోపు పంపితే మళ్లీ చూస్తానన్నాడు. అది దాటితే సెలవులొస్తాయి. సెలవులొస్తే కుర్చీ.

రజాక్ వెళ్లిన తరువాత లోపలి నుంచి నా భార్య లక్ష్మమ్మ వచ్చింది. ఆమెకు ఇంగ్లీషు రాదు. కాని కొండ, మంచు, తడిసిన ముగ్గురు అనే సంగతి రజాక్ తెలుగులో విప్పి చెప్పగా విన్నది.

"అది మీ మామ కథ గాదా?" అన్నది.

అవునన్నాను.  "చెప్పేయరాదా ఆ పిల్లోనికి" అని లోపలికి పోయింది.

చెప్పలేదు. దానికి బదులు, జవాబు రాయడానికి సాయం చేస్తానన్నాను. అలా ప్రతి ఆదివారం రజాక్ రావడం, లక్ష్మమ్మ జొన్నరొట్టెలు పెట్టడం, మేమిద్దరం కూర్చుని ఆ రెఫరీని ఓడించడానికి దారులు వెతకడం మొదలైంది.  ఆమె నా రొట్టె కొంచెం దూరంగా పెట్టేది. రజాక్ మాత్రం ఆ రెఫరీని వారానికొక రకంగా తిట్టేవాడు. నేను ఔనౌను అనేవాణ్ణి. నా అంత శ్రద్ధగా తన్ను తాను తిట్టించుకున్న మనిషి ప్రెసిడెన్సీలో ఉండడు.

జవాబు మాత్రం కుదరలేదు. రెండు ఆదివారాలు తర్కం పుస్తకాలన్నీ తిరగేశాం. నా అభ్యంతరం గట్టిది. నేను దాన్ని గట్టిగా కట్టాను మరి. మూడో ఆదివారం రజాక్ విసుగొచ్చి కాగితాలు పక్కన పడేశాడు.

"ఈ రెఫరీని ఇడిచిపెట్టు. అసలు తిక్కోడు ఆ రైతన్నా. పొగకూ మంచుకూ తేడా తెలియకుండా కొమ్మలు పట్టుకుని ఉరికినాడంట. ఊరోళ్లు ఎంత నగినారో."

"నగలేదు" అన్నాను.

"నగకుండా ఉంటారా? వానకాలంలో అడవి అంటుకుంటదా? ఆ మాత్రం తెలివి లేదు."

"తెలివి లేక కాదు" అన్నాను. నా గొంతు లేచింది. "అక్కడికి పోయినాడు కాబట్టే అది మంచని తెలిసింది. ఇంట్లో కూర్చుని అనుమానపడేటోనికి అది పొగో మంచో ఎప్పటికి తెలుస్తది? నిజంగా నిప్పయ్యుంటే ఊరు ఏమయ్యేది? తడిసినా సరే, పొయ్యొచ్చినోడే తెలివిగలోడు. తప్పు దిద్దుకునే దారి కూడా ఆ నమ్మకంలోనే ఉంది."

రజాక్ పెన్సిలు తీశాడు.

"ఇంకోసారి చెప్పన్నా, నిదానంగా" అన్నాడు.

చెప్పాను. రాసుకున్నాడు. వాకిట్లో చాటలో జొన్నలు చెరుగుతున్న లక్ష్మమ్మ చాట ఆపి మా ఇద్దరినీ చూసి, మళ్లీ చెరగడం మొదలుపెట్టింది.

ఆ మాటల చుట్టూ రజాక్ వ్యాసం మొత్తం మార్చి రాశాడు. నమ్మకం తప్పు కావచ్చు, కాని ఆ నమ్మకంతో నడిచినవాడికే తప్పు కనిపిస్తుంది, కాబట్టి అనుమానానికి కారణం దొరికేదాకా నమ్మడమే సరి అని తేల్చాడు. మొదటిదానికన్నా మూడు రెట్లు మంచి వ్యాసం. అందులో ఒక భాగం ఇంకా అతకలేదు, దాన్ని నేనే దిద్దాను. మార్కాపూర్ రోడ్డు స్టేషనుకు జట్కా కట్టించుకుని పోయి, రైలు తపాలాలో వేసి వచ్చాడు.

పది రోజులకు నాకు మద్రాసు నుంచి కవరు వచ్చింది. వ్యాసం మీద పేరు కనపడకుండా కాగితం అంటించి ఉంది. అభ్యంతరం చెప్పింది తమరే కాబట్టి జవాబు తృప్తిగా ఉందో లేదో తమరే చెప్పాలని సంపాదకుడు రాశాడు.

నన్ను ఓడించడానికి నేను చెప్పిన వాదం నన్ను ఓడించిందో లేదో నేనే తీర్పు చెప్పాలి. ఔనంటే నా సొంత మాటకు నేనే ఓటు వేసినట్టు. కాదంటే రజాక్ గిద్దలూరు పోతాడు. రెండు రోజులు ఆ కవరు బియ్యం డబ్బా వెనక పెట్టాను. మూడో రోజు దాన్ని లక్ష్మమ్మ తీసి నా చేతిలో పెట్టింది. 

కవరు తీసుకుని రజాక్ గదికి పోయాను. నిలబడే చెప్పాను. ఆ రెఫరీ నేనే అని, మొదటి ఆదివారమే చెప్పాల్సింది అని. ఆయన కూర్చోమన్నాడు.

"నాకు మొదటి ఆదివారమే తెలుసన్నా" అన్నాడు. "మీ మామ కథ నువ్వు కాలేజీలో నా ముందే మూడుసార్లు చెప్పినావు. మూడోసారి నలుగురు తడిసినారన్నావు."

"తెలిసి ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే నువ్వు సిగ్గుపడి సాయం మానుకుంటావు. ఈ సంగతి తెలిసినోళ్లు ఈ చుట్టుపక్కల నువ్వొక్కనివే. పోనీ, నువ్వంతట నువ్వు మంచి వాదం చెప్తివా? రెండు వారాలు చూసినా. మీ మామను తిడితే గానీ నీ నోట్లోంచి రాలేదు."

నాకు కోపం రావాలో నవ్వు రావాలో తెలియలేదు. ఇప్పుడేం రాయమంటావని అడిగాను.

"నీకు నిజమనిపించింది రాయి. మూడో భాగం ఇంకా కుంటుతాంది. అది నువ్వు దిద్దిందే."

సంపాదకుడి జవాబు

నేను సంపాదకుడికి ఉన్నదున్నట్టు రాశాను. రచయిత నా స్నేహితుడని, జవాబులో నా చెయ్యి ఉందని, తీర్పు చెప్పడానికి తగనని, ఇంకెవరికైనా పంపమని. ఆ ఉత్తరం రాసేటప్పుడు నా రెఫరీ పని పోయిందనే అనుకున్నాను.

ఆయన నుంచి నాలుగు వాక్యాల జవాబు వచ్చింది. మీ నిజాయితీకి సంతోషం. ఈ విషయం మీద శ్రద్ధగలవాళ్లు నాకు తెలిసి మీరు, రచయిత, నేను. నాకు ఈ వ్యాసం పూర్తిగా అర్థం కాలేదు. దయచేసి మీ పని మీరు చేయండి.

చాలామంది యువకులు పత్రికల వెనక ఒక పెద్ద న్యాయస్థానం ఉందనుకుంటారు. ఉండేది ఇలాంటి ముగ్గురు మనుషులే. ఇది తెలిసి నిరాశపడకండి. ముగ్గురూ సరిగా చదివితే చాలు.

మూడో భాగం తీసేస్తే వేయవచ్చని రాశాను. తీసేశారు. వేశారు.

సంతకం

పత్రిక సెలవులకు ఎనిమిది రోజుల ముందు వచ్చింది. రజాక్ దాన్ని తీసుకుని శెట్టిగారి దగ్గరికి పోయాడు. ఇంగ్లీషు విప్పి చెప్పడానికి నన్నూ రమ్మన్నారు. శెట్టిగారు గోదాము ముందు కూర్చుని పలకలు ఒక్కొక్కటే వేలితో తట్టి శబ్దం వింటున్నాడు. పగులుంటే శబ్దంలో తెలుస్తుంది. పత్రిక అందుకుని కాలేజీ పేరు ఎక్కడుందో చూపించమన్నాడు. చూపించాను. పేజీలు లెక్కపెట్టాడు. తొమ్మిది.

"ఇంతకూ దీంట్లో ఏం రాసినావయ్యా? ఒక్క మాటలో చెప్పు" అన్నాడు రజాక్‌తో.

రజాక్ నా వైపు చూశాడు. ఎమ్మే చదువు, ఐదు ఆదివారాలు, తొమ్మిది పేజీలు ఒక్క మాటలో చెప్పడం అప్పటిదాకా ఎవరూ అడగలేదు.

"కొండ మీద పొగ కనపడితే, నిప్పుందనుకుని పోయి చూడాల శెట్టిగారూ" అన్నాడు.

 శెట్టిగారు ఒక పలక తట్టి పక్కన పెట్టాడు.

"అది మా పాలేరుకు తెలుసు" అన్నాడు.

రజాక్ తల దించుకున్నాడు. అంతా అయిపోయిందనే నేననుకున్నాను. ఏదో చెప్పబోయాను గాని శెట్టిగారు చెయ్యెత్తాడు.

"దీన్ని అచ్చేసినందుకు మద్రాసోళ్లకు నువ్వేమిచ్చినావు?"

"ఏమీ ఇవ్వలేదు."

"నువ్వు ముస్తాబు చేసి పంపితే వాళ్లే వేసినారా?"

"వేసినారు."

"మా పాలేరుకు తెలిసిన సంగతిని మద్రాసులో తొమ్మిది పేజీలు ఊరికే వేయించినావంటే నువ్వు సమర్థునివే" అని, రామయ్యను కలం తెమ్మన్నాడు.

గిద్దలూరులో ఆ కుర్చీ ఏమైందని తరువాత అడిగాను. పర్మనెంటయిన సంగతి తెలిశాక కూడా వాళ్ల నాయన దాన్ని అక్కడి నుంచి తీయలేదట. అడితికొచ్చిన మొదటి బేరగాణ్ణి దాని మీద కూర్చోమన్నాడట.

కాలేజీ ఇంకో నాలుగేళ్లు నడిచి మూతపడింది. మేం వేరే ఊళ్లకు పోయాం. కాని ఆ తరువాత ఎవరం ఏది రాసినా అచ్చుకు పంపేముందు రెండోవాడికి పంపేవాళ్లం. ఆయన నా వ్యాసాలు రెండు ఆపించాడు. ఆయనవి నేను మూడు ఆపించాను. ఆ ఐదింటిలో దేనికీ నేను బాధపడలేదు.

ఆయన రాసిన ఆఖరి వ్యాసం, అచ్చుకు పంపేముందు, పోయిన చలికాలంలో నా దగ్గరికి వచ్చింది. నాలుగో పేజీలో ఒక వాదం నిలవదనిపించి అదే రోజు ఉత్తరం రాశాను. ఉత్తరం చేరేసరికి ఆయన లేడు. ఆయన కూతురు కూడా తత్వశాస్త్రమే చెబుతుంది. నా ఉత్తరం ఆమె చదివింది. 'నాలుగో పేజీ మీరు చెప్పినట్టు దిద్దమంటారా పెదనాయనా, అట్లే పంపమంటారా?' అని రాసింది.

మీ నాయన రాసింది ఒక్క అక్షరం కూడా దిద్దవద్దని జవాబు రాశాను. నా అభ్యంతరం కూడా మానుకోనని, దాన్ని వ్యాసం తరువాత వేరే పేజీగా వేయించమని, ఈసారి దానికి నా పేరు పెట్టమని రాశాను.